ధూమపురి చార్జి అప్పగింత

ధూమపురి మహానగరం రంగుల బొమ్మల కథల పుస్తకాల్లో తప్ప ఏ దేశపటంలోనూ కనిపించదు. అంతమాత్రాన అక్కడ మనుషులు లేరనుకోకూడదు. పదిహేను లక్షల మంది ఉన్నారు. వాళ్ళకీ ఆకలిదప్పులున్నాయి, రేషను కార్డులున్నాయి, అందరినీ తిప్పుకోవడానికి ఒక పురపాలక కార్యాలయం ఉంది. లేనిదల్లా చట్టం. నగరాన్ని కాపాడే వీరుడు ఒకప్పుడు ఒకడుండేవాడు. అతన్ని డెప్యుటేషను మీద వేరే నగరానికి పంపి నాలుగేళ్ళయింది. ఆ పోస్టు ఇంకా ఖాళీయే. అతను వెళ్ళిన నెలకే పోలీసు స్టేషనుకు తాళం పడింది, ఆ తర్వాత తాళాన్ని కూడా ఎవరో ఎత్తుకుపోయారు.

వీరుడు పోతే మిగిలేది దుష్టులే కదా. ముగ్గురు మిగిలారు. మొదటివాడు మహాజ్వాల. ఎర్ర అంగీ, అరచేతుల్లోంచి మంటలు. రెండోవాడు డాక్టర్ పాషాణం. గాజు ముసుగు, చంకలో పచ్చని విషపు పొగ సీసాలు. మూడోది జెర్రిరాణి. ఆవిడ నడుముకు అటో యాభై ఇటో యాభై ఉక్కు కాళ్ళుంటాయి, గోడల మీద, గోపురాల మీద పరపరా పాకుతుంది. ముగ్గురికీ ఒకటే కోరిక. ధూమపురి నాదీ అనిపించుకోవాలి. అందుకోసం పొద్దున పదింటికి మొదలుపెట్టి సాయంత్రం దాకా కొట్టుకునేవాళ్ళు. వాళ్ళు కొట్టుకున్నప్పుడల్లా ‘ఢాం’, ‘ఫెళఫెళ’ అనే అక్షరాలు మనిషెత్తున గాల్లోకి లేచి వీధుల్లో పడేవి. ఎత్తేవాళ్ళు లేక అవి అక్కడే ఉండిపోయేవి. గానుగ వీధి మలుపులో ఇడ్లీ బండి పెట్టుకున్న మంగాయమ్మ ఒక ‘ఢ’ను దొర్లించుకొచ్చి పీటలా వాడుకుంటోంది.

ఆ గానుగ వీధిలోనే హైమవతి కాపురం. పురపాలక కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఊళ్ళో ఇంత అగ్గి పుడుతున్నా ఆఫీసుకు రోజూ వెళ్ళేది ఆమె ఒక్కతే. వెళ్ళి హాజరు పట్టీలో సంతకం చెయ్యకపోతే సెలవు కింద రాసేస్తారని భయం. రాసేవాళ్ళెవరూ ఆఫీసులో లేరన్న సంగతి ఆమెకు తట్టలేదు. తట్టినా నమ్మేది కాదు.

ఆమెకున్న బాధ మాత్రం దుష్టులు కాదు, నీళ్ళు. నలభై ఒక్క రోజుల కింద గానుగ వీధి గొట్టం పగిలితే, కమిషనరు ముకుందరావు గారి ఉత్తర్వు మీద వీధి మొదట్లో ఉన్న వాల్వు మూసేశారు. గొట్టం ఆ సాయంత్రానికే బాగుపడింది. కమిషనరు గారు ఆ సాయంత్రమే ఆరోగ్యం బాగా లేదని ఒక కాగితం బల్ల మీద పెట్టి, వెనక కిటికీలోంచి దూకి వెళ్ళిపోయారు. మూసింది కమిషనరు ఉత్తర్వు మీద కాబట్టి తెరవాల్సింది కూడా కమిషనరు ఉత్తర్వు మీదే. ఉత్తర్వు టైపు చేసే ఉంది. కింద సంతకం ఒక్కటే కావాలి. ఆ ఫైలు ఆమె బల్ల మీద ఎర్ర నాడా కట్టుకుని పడుంది. వీధి వీధంతా బిందెలు పట్టుకుని మైలున్నర అవతల పాత జైలు బావికి నడుస్తోంది, నెత్తి మీద ఎవడి నిప్పు పడుతుందో, ఎవడి విషం పడుతుందో తెలియకుండా.

“ఎవడేలితే నాకేంటే హైమా!” అనేది మంగాయమ్మ, వాచిన మోకాలు ‘ఢ’ మీదకి చాపుకుని. “మంటలోడో, పొగోడో, ఆ పురుగో, ఎవరో ఒకళ్ళు తొందరగా గెలిచి చావమను. నా కుళాయి విప్పితే చాలు, పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటాను.”

“గెలిస్తే చాలదు పిన్నీ. చార్జి తీసుకోవాలి.”

ఆ మాట నిజమని మంగళవారం నాడే తేలింది. ఆ రోజు మహాజ్వాల గెలిచాడు. తలుపు తెరిచే ఉన్నా గోడ బద్దలు కొట్టుకుని ఆఫీసులోకి వచ్చాడు.

“హ్హ హ్హ హ్హా! నేటి నుండి ధూమపురి ఈ మహాజ్వాలది! ఎవరక్కడ? మోకరిల్లండి!”

అక్కడున్నది హైమవతి ఒక్కతే. ఆమె కళ్ళజోడు మీద పడ్డ సున్నం తుడుచుకుంది. నలభై ఒక్క రోజుల తర్వాత ఆఫీసులోకి ఒక అధికారి లాంటి మనిషి వచ్చాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

“చార్జి తీసుకుంటారాండీ?”

“చార్జియా? అదేమి ఆయుధం?”

“ఆయుధం కాదండీ, అప్పగింత. మీ ముందాయన మీకు అప్పగించినట్టు, మీరు తీసుకున్నట్టు సంతకాలుండాలి. లేకపోతే మీరేం సంతకం పెట్టినా చెల్లదండీ.”

“మూర్ఖురాలా! నేను ఈ నగరాన్ని ఆక్రమించాను!”

“ఆక్రమణలు టౌన్ ప్లానింగ్ సెక్షను చూస్తుందండీ. అది మేడ మీద. ఇక్కడ చార్జి ఒకటే.”

మహాజ్వాల మేడ వైపు చూశాడు. మేడను నిన్న తనే కాల్చేశాడు. అరచేతులు రాజుకున్నాయి గానీ, ఎదురుగా ఉన్న మనిషి భయపడకుండా అల్మరాలోంచి లావుపాటి స్టాకు రిజిస్టరు తీసి దుమ్ము దులుపుతోంటే ఏం చెయ్యాలో అతనికి తోచలేదు. పుస్తకాల్లో ఇలాంటి ఘట్టం అతనికి ఎప్పుడూ రాలేదు మరి.

నాలుగు వందల పన్నెండు వస్తువులు. హైమవతి చదువుతూ ఉంది, అతను అంగీ కొస భుజాన వేసుకుని వెతుకుతూ ఉన్నాడు. టేకు కుర్చీలు ఆరు. రెండు ఉన్నాయి, నాలుగు బూడిద.

“ఎవరు కాల్చారని రాయమంటారండీ?”

“నేనే!” అన్నాడు గర్వంగా. తర్వాత కొంచెం ఆగి, “అలా రాస్తే ఏమవుతుంది?” అన్నాడు.

“ప్రభుత్వ ఆస్తి ధ్వంసం చేసినవాళ్ళకి చార్జి ఇవ్వకూడదండీ.”

“అయితే పిడుగు పడిందని రాయి.”

కుర్చీల గండం పిడుగు మీద గట్టెక్కింది. ముప్ఫై ఎనిమిదో వస్తువు దగ్గర కథ అడ్డం తిరిగింది. ఇత్తడి కూజా మూత, ఒకటి. కూజా ఉంది, మూత లేదు. బల్లల కింద, బీరువాల వెనక వెతికారు. దొరకలేదు.

“లేకపోతే లేదని రాసి నాకు అప్పగించు.”

“అప్పగిస్తానండీ. కానీ లేదని మీరు ఒప్పుకుని సంతకం పెడితే ఆ మూత మీ హయాంలో పోయినట్టే లెక్క. విచారణ వేస్తారు. వెనకటి మేనేజరు గారు ఇలాగే కాగితాలకు చిల్లులు పెట్టే మిషను కేసులో పోయారండీ.”

“పోయాడంటే?”

“కాలం చేశారండీ. కేసు ఇంకా ఉంది.”

మహాజ్వాల చేతుల్లో మంట దీపం వత్తంతయింది. “మూతతో వస్తాను,” అని, వచ్చిన కంతలోంచే తల వంచుకుని వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక గానీ హైమవతికి గుర్తు రాలేదు, నీళ్ళ ఫైలు చూపించడమే మరిచిపోయానని. చూపించినా ఏం లాభం, చార్జి లేదుగా అనుకుని మనసు సరిపెట్టుకుంది.

రెండు రోజుల్లో ఈ సంగతి మిగతా ఇద్దరికీ చేరింది. స్టాకు రిజిస్టరులో ఏది తగ్గినా చార్జి రాదని తెలిసేసరికి ముగ్గురి యుద్ధం తీరే మారిపోయింది. పురపాలక సంఘం ముద్ర ఉన్న వస్తువు ఎక్కడ కనిపించినా పక్కకు జరిగి కొట్టుకునేవాళ్ళు. “ఆ బల్ల! ఆ బల్ల తొంభై ఒకటో నంబరు, చూసుకో!” అని జెర్రిరాణి అరిస్తే, మహాజ్వాల నిప్పును దారి మళ్ళించి పక్కనున్న కిరాణా కొట్టు మీద పడేసేవాడు. ఒక వీధి దీపం ఒరిగిపోతుంటే డాక్టర్ పాషాణం సీసాలన్నీ కింద పెట్టి పరుగెత్తుకెళ్ళి దాన్ని కౌగిలించుకుని నిలబెట్టాడు. కింద పెట్టిన సీసాలు పగిలి పక్క వీధి వాళ్ళు మూడు రోజులు దగ్గారు.

“మనల్ని కూడా ఆ పుస్తకంలోకి ఎక్కించరాదుటే హైమా,” అంది మంగాయమ్మ. “బల్లకున్న విలువైనా దక్కుతుంది.”

“మనకి నంబర్లు లేవు పిన్నీ.”

హైమవతి ఆ మాట మామూలుగానే అంది. అన్నాక ఆ రోజంతా ఎందుకో మనసు బాగాలేదు.

ఇంతలో రాజధాని నుంచి పరాంకుశం గారు దిగారు. ఆయన జాయింట్ డైరెక్టరు. నగరం తగలబడుతున్నప్పుడు రాలేదు, విషం కమ్ముకున్నప్పుడు రాలేదు. చార్జి అప్పగింతలో సందేహం ఉందని తెలిసి ఆఘమేఘాల మీద వచ్చారు. ఎండలో ఉన్న కారు దిగకుండానే ముగ్గురు దుష్టుల్నీ పిలిపించి, అద్దం సగం దించి మాట్లాడారు.

“చూడండీ. తమరు పరస్పరం సంహరించుకోవడం విషయమై శాఖకు ఎటువంటి అభ్యంతరమూ లేదు. అది తమ అంతర్గత వ్యవహారం. కానీ నగరంపై ఆధిపత్యమనేది నిర్ణీత నమూనాలో, పద్నాలుగు ప్రతులలో, పూర్వాధికారి సంతకంతో సంక్రమించాలి. అన్యథా సంక్రమించిన ఆధిపత్యాన్ని శాఖ గుర్తించజాలదు.”

“ఆ పూర్వాధికారి కిటికీ దూకి పారిపోయాడు!” అన్నాడు డాక్టర్ పాషాణం.

“పారిపోవుట అనే పదం నిబంధనలలో లేదు. సెలవులో ఉన్నారు. తమరు వెతికించుకోవచ్చు.”

జెర్రిరాణి నూరు కాళ్ళతో మూడు జిల్లాలు గాలించింది. నాలుగో రోజున ఒక పుణ్యక్షేత్రం సత్రంలో ముకుందరావు గారు ఉప్మా తింటూ దొరికారు. రామేశ్వరం పోయినా శనేశ్వరం వదల్లేదని ఆయన నెత్తి కొట్టుకుంటుంటే, రాణి రెండు కాళ్ళతో ఆయన్ని ఎత్తి, మూడో కాలితో చెప్పుల సంచి, నాలుగో కాలితో చట్నీ గిన్నె పట్టుకుని తీసుకొచ్చి ఆఫీసు మెట్ల మీద దింపింది. చట్నీ గిన్నె మీద మూత ఉంది. ఇత్తడిది. హైమవతి దాన్ని తిప్పి చూసింది. ముప్ఫై ఎనిమిది అని తెల్ల రంగుతో రాసుంది.

ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది, సంతోషంతో. ఇక నీళ్ళొచ్చేసినట్టే.

“సంతకం చెయ్యి!” అని ముగ్గురూ గర్జించారు.

“సెలవులో ఉన్నవాణ్ణి ఎలా చేస్తాను?” అన్నారు ముకుందరావు గారు, వణుకుతూనే, న్యాయంగా. “ముందు నేను డ్యూటీలో చేరాలి. అనారోగ్యం సెలవు కాబట్టి, ఆరోగ్యం కుదుటపడిందని డాక్టరు సర్టిఫికెట్టు ఉండాలి.”

“నేను డాక్టర్నే!” అని పాషాణం గుండె తట్టుకున్నాడు.

“తమ పట్టా దేనిలో?” అని పరాంకుశం గారు అడిగారు.

“విషాల్లో.”

“మనుషులు బతికే విభాగంలో ఉండాలి.”

అలాంటి డాక్టరు ధూమపురిలో ఒక్కడూ మిగల్లేదు. పక్క జిల్లా నుంచి ఒకాయన్ని మహాజ్వాల వీపు మీద ఎక్కించుకుని ఎగరేసుకొచ్చాడు. ఆయన ముకుందరావు గారి నాడి చూసి, తన నాడి కూడా ఒకసారి చూసుకుని, ఆరోగ్యంగా ఉన్నారని రాసిచ్చాడు. పదకొండూ పదికి ముకుందరావు గారు డ్యూటీలో చేరారు. పదకొండుంబావుకి చార్జి వదలాలని ముహూర్తం.

ఆ అయిదు నిమిషాలూ ధూమపురికి నిజమైన కమిషనరు ఉన్నాడు. హైమవతికి అది మెరుపులా తట్టింది. నాడా ముడి వేళ్ళకు అందక పళ్ళతో విప్పి ఫైలు ఆయన ముందు పెట్టింది.

“సార్, గానుగ వీధి వాల్వండీ. ఒక్క సంతకం.”

ఆయన ఫైలు వంకా ఆమె వంకా జాలిగా చూశారు. “ఏమ్మా, ఇన్నేళ్ళ సర్వీసు ఉంది, నీకు నేను చెప్పాలా? అయిదు నిమిషాల్లో వెళ్ళిపోయేవాణ్ణి. విధానపరమైన నిర్ణయాలు నేను తీసుకోకూడదు. వచ్చేవారికి పెట్టు.”

“కుళాయేనండీ.”

“కుళాయి కూడా విధానమే,” అని గడియారం చూసుకున్నారు.

మరి వచ్చేవారెవరు? పరాంకుశం గారు కుర్చీలో వెనక్కి వాలి, సీనియారిటీ ప్రకారం ఇస్తామన్నారు. ఎవరు ముందు నేరం చేశారో వారే సీనియరు. ముగ్గురూ ఒక్కసారి లేచారు. పన్నెండేళ్ళ కింద బ్యాంకు కరిగించానని మహాజ్వాల. పదమూడేళ్ళ కింద చెరువు విషం చేశానని పాషాణం. తొట్టెలో ఉన్నప్పుడే దాదిని కరిచానని జెర్రిరాణి.

“రుజువులు?”

పడిపోయిన మేడ చూపించారు. చచ్చిన చెరువు చూపించారు. పరాంకుశం గారు తల అడ్డంగా ఊపారు. “ఎఫ్.ఐ.ఆర్. నకలు కావాలి.”

పోలీసు స్టేషనే లేని ఊళ్ళో ఎఫ్.ఐ.ఆర్. ఎక్కడ దొరుకుతుంది? హైమవతిని రికార్డు వెతకమన్నారు. వెతికింది. నాలుగేళ్ళకు ముందున్న రికార్డంతా స్టేషను తాళంతో పాటే పోయింది. ఆ తర్వాత ధూమపురిలో ఒక్క నేరం కూడా నమోదు కాలేదు. దేశం మొత్తం మీద నేరాలు లేని నగరం ఇదొక్కటేనట. ఆ సంగతి శాఖ వార్షిక నివేదికలో కూడా వేసుకున్నారట.

“రికార్డు ప్రకారం తమరు ముగ్గురూ సత్ప్రవర్తన కలవారు,” అని పరాంకుశం గారు ప్రకటించారు. “ఆ మేరకు ధ్రువపత్రాలు తయారుచెయ్యమ్మా.”

మహాజ్వాల ఆ కాగితం చేతిలో పట్టుకుని బావురుమన్నాడు. “పన్నెండేళ్ళు! పన్నెండేళ్ళు ఊరు ఊరంతా తగలబెట్టాను తల్లీ! ఒక్క కేసు, ఒక్కటంటే ఒక్క కేసు లేదా నా పేరు మీద?” హైమవతి అతనికి తాగడానికి నీళ్ళిద్దామనుకుంది. కూజాకి మూతైతే దొరికింది గానీ లోపల నీళ్ళు లేవు.

సీనియారిటీ తేలకపోతే అక్షరక్రమం. జ ముందు, ప తర్వాత, మ ఆ తర్వాత. అలా ధూమపురి మహానగరం జెర్రిరాణి వశమైంది. ఇప్పటికిప్పుడు అగ్నిజ్వాలగా పేరు మార్చుకుంటానని మహాజ్వాల మొత్తుకున్నాడు గానీ, పేరు మార్పు గెజెట్టులో అచ్చవ్వాలన్నారు. పద్నాలుగు ప్రతుల మీదా పద్నాలుగు కాళ్ళతో రాణి ఒక్కసారే సంతకం చేసేసింది. ఓడిన ఇద్దరికీ ఆమె కిందనే సహాయక పోస్టులిచ్చి హాజరు పట్టీలో పేర్లు రాశారు. ముకుందరావు గారు ఈసారి తలుపులోంచే వెళ్ళిపోయారు. మొత్తానికి ధూమపురి యుద్ధం ముగిసింది.

మర్నాడు పది గంటలకల్లా హైమవతి ఫైలు పట్టుకుని కమిషనరు గది ముందు నిలబడింది. రాణి ఉక్కు కాళ్ళన్నీ మడుచుకుని కుర్చీలో ఇరుక్కుని కూర్చుంది. ఫైలు తెరిచి, కలం ఎత్తి, “ఇంతేనా? ఈ క్షణమే...” అని ఆగింది. పక్కనే పరాంకుశం గారున్నారు. కొత్త అధికారికి పని నేర్పడానికి వారం ఉంటానన్నారు. ఆయన చిన్నగా దగ్గారు.

రాణి కలం దించింది. “ఇదివరకు ఇలాంటి దాని మీద ఎవరైనా సంతకం పెట్టారా?”

“మూసెయ్యమని పెట్టారండీ. తెరవమని ఇదే మొదలు.”

“మొదటి సంతకం మనదే అవుతుందన్నమాట. రేపు ఏదైనా తేడా వస్తే?” మొన్నటిదాకా రైలును నడుముకు చుట్టుకుని విరిచిన మనిషి వెనక్కి తగ్గింది. ఫైలు మీద ‘చర్చించండి’ అని రాసి తిప్పి పంపింది.

చర్చించడానికి హైమవతి నాలుగు రోజులు తిరిగింది. యుద్ధం ఆగాక తిరిగొచ్చిన బంట్రోతులు, రాణి గారు సమావేశంలో ఉన్నారనేవాళ్ళు. సమావేశం దేని గురించంటే, మహాజ్వాలకి చేతుల కుర్చీ ఇవ్వాలా, చేతుల్లేని కుర్చీ ఇవ్వాలా అని. అయిదో రోజు ఫైలు కదిలింది. డాక్టర్ పాషాణం పరిశీలించి, నీళ్ళు ఆరోగ్యానికి హాని చెయ్యవని నిర్ధారణ అయిందా అని అడిగాడు. అడగడానికి సిగ్గుండాలి, అయినా అడిగాడు. మహాజ్వాల, నీళ్ళ వల్ల నిప్పుకు నష్టం ఉండదు కదా అని రాశాడు. అన్నిటికీ హైమవతి జవాబులు రాసింది. ఇరవై రెండేళ్ళుగా రాస్తున్న చెయ్యే.

మంగాయమ్మకి చెబితే చప్పరించేసింది. “పేనుకి పెత్తనమిస్తే తలంతా కొరికిందంట. ఈ జెర్రికి పెత్తనమిస్తే కొరకనైనా కొరకట్లేదే! ఇంతకన్నా ఆ కొట్టుకున్న రోజులే నయం.”

అరవై రెండో రోజు పొద్దున మంగాయమ్మ జైలు బావి మెట్ల మీద జారి పడింది. ముంజేయి విరిగింది. బిందెడు నీళ్ళూ మెట్ల పాలయ్యాయి. హైమవతి వెళ్ళేసరికి ఆమె ‘ఢ’ మీద కూర్చుని, గుడ్డతో కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఉంది. పొయ్యి చల్లగా ఉంది. బండి ముందు నలుగురు నిలబడి, ఇడ్లీ లేదని తెలిసి కూడా వెళ్ళకుండా చూస్తున్నారు.

“పిన్నీ...”

“నొప్పికి కాదే,” అంది మంగాయమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. “బిందెడు నీళ్ళు పోయాయే.”

హైమవతి ఆఫీసుకొచ్చేసరికి బల్ల మీద ఫైలుంది. దాని మీద రాణి గారి కొత్త ప్రశ్న. ‘వాల్వు తిప్పు ఇనుప కడ్డీ స్టాకులో ఉన్నదీ లేనిదీ ధ్రువీకరించవలెను.’

ఆమె రిజిస్టరు తెరిచింది. రెండు వందల పదిహేడో వస్తువు. లేచి తన కుర్చీ వెనక ఉన్న బీరువా తీసింది. కడ్డీ ఉంది. నడుమెత్తు పొడవు, పైన అడ్డపట్టీ, కొసన చదరపు గుంట. ధ్రువీకరించడానికి దాన్ని చేతిలోకి తీసుకుంది. బరువుగా, చల్లగా ఉంది. ఆమె అలాగే నిలబడిపోయింది. అరవై రెండు రోజులుగా ఇది తన వీపుకి రెండు మూరల దూరంలో ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికినట్టు, ఈ కడ్డీని వీపు వెనక పెట్టుకుని కమిషనర్ల కోసం, దుష్టుల కోసం, కూజా మూత కోసం తిరిగింది. మంటల్ని చూసి రాని వణుకు ఇప్పుడొచ్చింది. అది భయం కాదు, సిగ్గు.

రిజిస్టరులో ‘ఉన్నది’ అని రాసింది. అలవాటు ఎక్కడికి పోతుంది? రాసి, కడ్డీని భుజాన వేసుకుని బయటికి నడిచింది.

గానుగ వీధి మొదట్లో రాతి మూత జరపడానికి నలుగురు చెయ్యేశారు. కడ్డీని గోతిలోకి దింపి, వాల్వు తలకి తగిలించి, అడ్డపట్టీని ఎడమకి తిప్పితే మొదట కదల్లేదు. మంగాయమ్మ మంచి చేతిని కూడా ఆనించింది. కీచుమని తిరిగింది. గొట్టంలో గాలి గురగురలాడింది. ముందు ఎర్రమట్టి, తర్వాత తుప్పు, ఆ తర్వాత నీళ్ళు. వీధి పొడుగునా విప్పి ఉంచిన కుళాయిలన్నీ ఒకేసారి మొదలెట్టాయి. ఎవరూ జేజేలు కొట్టలేదు. అందరూ బిందెల కోసం పరుగెత్తారు. మొత్తం పని పావుగంట పట్టలేదు.

మర్నాడు ఆఫీసు ఆఫీసంతా కదిలింది. “ఇది అరాచకం!” అని పరాంకుశం గారు బల్ల గుద్దారు, తొంభై ఒకటో నంబరు బల్ల. “అధీకృత ఉత్తర్వు లేకుండా ప్రభుత్వ వాల్వును, ప్రభుత్వ కడ్డీతో, ప్రభుత్వ పనివేళలలో! చట్టం చూస్తూ ఊరుకుంటుందా?”

నాలుగేళ్ళు ఊరుకున్న చట్టం ఆ మధ్యాహ్నమే వచ్చేసింది. పక్క జిల్లా నుంచి ఒక ఎస్సైని తెప్పించారు. స్టేషను తెరిచి బూజులు దులిపారు. కోర్టులో గబ్బిలాల్ని తోలి జడ్జీగారికి కుర్చీ వేశారు. కొత్త రిజిస్టరు మొదటి పేజీలో, ధూమపురి నగరం, నేరం నంబరు ఒకటి, ముద్దాయి హైమవతి అని గుండ్రటి అక్షరాలతో రాశారు. జెర్రిరాణి సస్పెన్షను ఉత్తర్వు మీద క్షణం కూడా ఆలోచించకుండా సంతకం చేసేసింది. దానికి ముందు ఉదాహరణలు బోలెడు ఉన్నాయట.

సాక్షి సంతకం కోసం మహాజ్వాలను పిలిచారు. అతను రిజిస్టరులో ఆ మొదటి పేజీని చాలాసేపు చూశాడు. ఎర్ర అంగీ మాసిపోయింది, మోచేతుల దగ్గర సిరా మరకలు. హైమవతి దగ్గరికొచ్చి, ఎవరూ వినకుండా అడిగాడు.

“ఎలా చేశావమ్మా?”

“ఎడమకి తిప్పానండీ,” అంది హైమవతి.

అతను తన అరచేతుల వంక చూసుకున్నాడు. చాలా రోజులుగా వాటిలో మంట రావడం లేదు.

నీళ్ళు కట్టేద్దామని ఆ వేళే మనిషిని పంపారు గానీ, వాల్వు తిప్పడానికి కడ్డీ లేదు. కడ్డీ సాక్ష్యపు వస్తువు. దాన్ని లక్క సీలు వేసి కోర్టు బీరువాలో పెట్టారు. కేసు తేలేదాకా కదపడానికి వీల్లేదు. కొత్త కడ్డీ తెప్పించాలంటే పాతది పనికిరాదని స్టాకు రిజిస్టరులో కొట్టెయ్యాలి. పనికొస్తుందన్నదే కదా కేసు. పైగా అదే రిజిస్టరులో హైమవతి స్వహస్తాలతో ‘ఉన్నది’ అని రాసి పెట్టింది.

కాబట్టి గానుగ వీధి కుళాయిల్లో రాత్రింబవళ్ళు నీళ్ళు వస్తున్నాయి. చార్జి కోసం ఊరు తగలబెట్టినవాళ్ళు ముగ్గురూ ఆఫీసులో సర్క్యులర్లు రాసుకుంటున్నారు, కడ్డీ విషయమై. ఉద్యోగం లేని హైమవతి పొద్దున్నే మంగాయమ్మ బండి దగ్గర పిండి కలుపుతుంది, పది గంటలకి కోర్టుకు వెళ్తుంది. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ కోరనిది ఇప్పుడు కోరుకుంటోంది, ఫైలు కదలకూడదని.

ఆమె తిరిగి వచ్చే వేళకి వీధి జనమంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడతారు. మంగాయమ్మ వంకరగా అతుక్కున్న చేత్తో గిన్నె పట్టుకుని కుళాయి దగ్గరే కాచుకుని ఉంటుంది.

“ఏమన్నారే హైమా?”

“వాయిదా పడింది పిన్నీ.”

“నీ నోట్లో పంచదార పొయ్యా,” అని మంగాయమ్మ మర్నాటికి పప్పు నానబోస్తుంది.